ఇరవై మందిలో ఒక్కరు తప్పితే

ఏప్రిల్ నెలాఖరుకు పదో తరగతి ఫలితాలు వచ్చేస్తాయి. మర్నాడే ఊరి సెంటర్లో ఫ్లెక్సీలు లేస్తాయి. ప్రైవేటు స్కూలు ఫ్లెక్సీ మీద నూటికి నూరు శాతం ఉత్తీర్ణత, దాని కింద వరసగా పిల్లల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద మార్కులు. ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకు చాలాచోట్ల ఫ్లెక్సీ ఉండదు. దాని అంకె టీకొట్టు దగ్గర నోటిమాటగా తిరుగుతుంది. "నిరుడు ఎనభై ఐదొచ్చింది, ఈసారి ఎనభయ్యే. బడి దిగిపోతోంది." మాట పూర్తయ్యేలోపే పక్కాయన తన కొడుకు టీసీ ఎప్పుడు తీసుకోవాలా అని ఆలోచనలో పడతాడు.

ఆ పోయిన ఐదు శాతం అంటే ఎంతమంది పిల్లలు? పదో తరగతిలో 20 మంది ఉన్న బడిలో ఐదు శాతం అంటే ఒక్కరు. లెక్కల పరీక్షలో 35 రావలసినచోట 33 దగ్గర ఆగిపోయిన ఒక్క పిల్లాడు. వాడికి ఆ రెండు మార్కులు కలిసి ఉంటే బడి దిగిపోలేదు, అక్కడే ఉంది. చిన్న బడి ఫలితాలు చూసేటప్పుడు ముందు చేయాల్సింది ఇదే: శాతాన్ని మళ్లీ పిల్లల తలలుగా మార్చుకోవడం.

లెక్క తేలిక కావడానికి ఒక బడిని ఊహించుకుందాం. మండల కేంద్రానికి దూరంగా ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, మొత్తం 96 మంది, పదిలో 20 మంది. ఇలాంటి బళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొల్లలు. హెడ్మాస్టరు గదిలో గోడకు ఒక నల్లబల్ల ఉంటుంది. తరగతి, బాలురు, బాలికలు, మొత్తం అని తెల్ల రంగుతో గడులు గీసి ఉంటాయి. గడుల్లో అంకెలు మాత్రం సుద్దతో రాస్తారు, ఏడాదిలో అవి మారుతూనే ఉంటాయి కాబట్టి. మన లెక్కకు కావలసిన సరుకు చాలామటుకు ఆ బల్ల మీదే ఉంది.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి రెగ్యులర్ విద్యార్థులు 6,14,459 మంది పరీక్ష రాస్తే 4,98,585 మంది పాసయ్యారు. అంటే 81.14 శాతం. మన బడి పిల్లలు సరిగ్గా రాష్ట్ర సగటు పిల్లల్లాంటివాళ్లే అనుకుందాం. అప్పుడు 20 మందిలో 16 మంది పాసవ్వాలి. అయితే ప్రతి ఏడూ సరిగ్గా 16 మందే పాసవరు. పరీక్షనాటి జ్వరం, చదవని చాప్టర్లోంచి వచ్చిన ప్రశ్న, ఆ ఏడు బ్యాచ్‌లో ఇద్దరు చురుకైన పిల్లలు ఎక్కువ ఉండటం, ఇలాంటివి అంకెను అటూ ఇటూ జరుపుతాయి. లెక్క కడితే, పాఠాలు చెప్పడంలో ఏ మార్పూ లేకున్నా, నూటికి 95 ఏళ్లు ఆ బడిలో పాసయ్యేవాళ్లు 13కూ 19కీ మధ్య ఉంటారు. శాతాల్లో చెబితే 65 నుంచి 95 దాకా. ఒక ఏడు 65, మరో ఏడు 95 వచ్చినా బడి మారిందని చెప్పడానికి ఆ రెండు అంకెలు చాలవన్నమాట.

అదే 200 మంది పరీక్ష రాసే పెద్ద బడి అయితే ఈ ఊగిసలాట బాగా తగ్గుతుంది, 75కూ 87కూ మధ్యే తిరుగుతుంది. అక్కడ 65 శాతం వచ్చిందంటే నిజంగానే ఏదో జరిగినట్టు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలంటారు. మెతుకులన్నీ ఒకే గిన్నెలో, ఒకే సెగ మీద ఉడుకుతాయి కాబట్టి ఆ మాట చెల్లుతుంది. పిల్లలు ఒక్కో ఇంటి నుంచి ఒక్కో సెగ మీద వస్తారు.

"మరి నూటికి నూరు తెచ్చుకున్న బడి సంగతి?" అని అడుగుతారు. అదీ ఎంతమందిలో అన్నదాని మీదే ఆధారపడుతుంది. ఒక్కో పిల్లాడు పాసయ్యే అవకాశం 81 శాతం అనుకుంటే, ఎనిమిది మంది రాసిన బడిలో ఎనిమిది మందీ పాసవడం ఐదారు బళ్లకు ఒకచోట దానంతటదే జరిగిపోతుంది. 20 మంది రాసిన బడిలో దాదాపు 70 బళ్లకు ఒకచోట జరుగుతుంది. వంద మంది రాసినచోట అదృష్టం మీద ఆ అంకె రాదు. గట్టి కృషి ఉండాలి, లేదా పిల్లల్ని ముందే ఏరి తీసుకుని ఉండాలి. తెలంగాణలో 2025 సగటు 92.78 శాతం. ఆ సగటుతో 20 మంది పిల్లలున్న బడికి నూరు శాతం రావడం నాలుగైదు బళ్లకు ఒకచోట జరిగే మామూలు విషయం. ఒకే మాట రాసిన ఫ్లెక్సీకి రెండు రాష్ట్రాల్లో విలువ ఒకటి కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో నూరు శాతం బళ్లు 2023లో 933. 2024లో 2,803. 2025లో 1,680. ఒక్క ఏడాదిలో దాదాపు రెండు వేల బళ్లు బాగుపడి, మరుసటి ఏడాది వెయ్యికి పైగా బళ్లు చెడిపోయాయని ఎవరైనా అంటే నమ్మడం కష్టం. రాష్ట్రం మొత్తం సగటు లేచింది, మళ్లీ కొంత దిగింది. గీత దగ్గర నిలబడ్డ చిన్న బళ్లు దాంతో పాటే అటూ ఇటూ దాటాయి.

ఇది తెలుగునాటికే పరిమితమైన సంగతి కాదు. హోవర్డ్ వైనర్ అనే అమెరికా గణాంక శాస్త్రవేత్త పెన్సిల్వేనియాలోని 1,662 బళ్ల మార్కులు తీసి చూశాడు. బాగా మార్కులొచ్చిన మొదటి 50 బళ్లలో 6, రాష్ట్రంలోకెల్లా చిన్నవైన 50 బళ్లలోంచి వచ్చాయి. మామూలుగా అయితే ఒకటో రెండో ఉండాలి. ఇది చూసి చిన్న బళ్లే మంచివి అనుకోవచ్చు. కానీ అట్టడుగున ఉన్న 50 బళ్లలో కూడా అవే చిన్న బళ్లు 9 ఉన్నాయి. చిన్న బడి అంకె పైకి పోతే బాగా పైకి, కిందికి పోతే బాగా కిందికి పోతుంది, అంతే. ఈ రెండో సగం చూడకుండా గేట్స్ ఫౌండేషన్ లాంటి సంస్థలు అక్కడ చిన్న బళ్లు పెట్టించడానికి పెద్ద ఎత్తున డబ్బు పోశాయి. చదువుకున్నవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడ్డారు కాబట్టి టీకొట్టు దగ్గర మాట్లాడుకునేవాళ్లను తప్పుపట్టలేం.

రెండో అనుమానం: నిరుటితో పోల్చకూడదా? పోల్చవచ్చు, కానీ రాష్ట్రాన్ని పక్కన పెట్టుకుని పోల్చాలి. రాష్ట్ర సగటు 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. మన ఊహాబడిలో మూడేళ్లూ 20 మంది చొప్పున రాస్తే వరసగా 15, 17, 16 మంది పాసయ్యారనుకోండి. శాతాల్లో 75, 85, 80. పైకి చూస్తే పది ఎక్కి ఐదు దిగినట్టుంది. రాష్ట్ర సగటు ప్రకారం 20 మందిలో పాసవ్వాల్సినవాళ్లు మొదటి ఏడు 14.45, రెండో ఏడు 17.34, మూడో ఏడు 16.23. తేడా ఏ ఏడూ ఒక పూర్తి పిల్లాడంత కూడా లేదు. మూడేళ్లూ కలిపితే బడిలో 60 మందిలో 48 మంది పాసయ్యారు. రాష్ట్రం లెక్కన పాసవ్వాల్సింది కూడా 48 మందే. ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. ఇదొక నిలకడైన, సగటు బడి.

అందుకే చిన్న బడిని మూడు నాలుగేళ్లు కలిపి చూడాలి. 60 మందిని కలిపితే ఊగిసలాట అటు పది శాతం, ఇటు పది శాతానికి తగ్గుతుంది. అదీ తక్కువేం కాదు. అయినా రాష్ట్ర సగటు 80 ఉన్నచోట, మూడేళ్లు కలిపి 60 మందిలో 35 మందే పాసైతే, అప్పుడు గట్టిగా అడగొచ్చు. అది దురదృష్టం కాదు.

ఇక్కడిదాకా పైన ఉన్న అంకె గురించి, అంటే పాసైనవాళ్ల గురించి మాట్లాడుకున్నాం. కింద ఉన్న అంకె ఇంకా ముఖ్యం. ఎంతమందిలో? పదో తరగతి పరీక్షకు బడి నుంచి బోర్డుకు పంపే విద్యార్థుల పట్టికను నామినల్ రోల్స్ అంటారు. అందులో పేరు లేని పిల్లాడు శాతంలోకి రాడు. ఆరో తరగతిలో 28 మంది చేరి, పదికి వచ్చేసరికి 20 మంది మిగిలి, 18 మంది పాసైతే బడి చెప్పుకునేది 90 శాతం. చేరినవాళ్లలో లెక్క కడితే 64 శాతం. రెండూ నిజమే. రెండో అంకెను మాత్రం ఎవరూ ఫ్లెక్సీ వేయరు.

అయితే తొందరపడకండి. పోయిన 8 మందీ చదువు మానేసినవాళ్లు కాకపోవచ్చు. కొందరు టీసీ తీసుకుని గురుకులానికో, ప్రైవేటుకో వెళ్లి ఉంటారు. కొందరి కుటుంబాలు ఊరు మారి ఉంటాయి. టీసీ తీసుకున్నవాడు ఎక్కడో చదువుతున్నాడని కొంత భరోసా. టీసీ తీసుకోకుండా, పేరు రిజిస్టరులో ఉండి, మనిషి కనిపించని పిల్లాడి గురించే అడగాలి. తల్లిదండ్రుల సమావేశంలో ఈ ఒక్క ప్రశ్న వేసి చూడండి: "ఆరులో మా అమ్మాయితో చేరినవాళ్లు ఎంతమంది, ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారు?" 28 పేర్లే కాబట్టి హెడ్మాస్టరుగారు సమాధానం చెప్పగలరు. చెప్పలేకపోతే అదీ ఒక సమాచారమే.

గురుకులాలతో పోలిక గురించి కూడా ఒక మాట. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఐదో తరగతిలోకి ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటాయి. ఊరి హైస్కూలు తలుపు తట్టిన ప్రతివాణ్నీ చేర్చుకుంటుంది, ఆ పరీక్షలో సీటు రానివాణ్ని కూడా. వడపోసిన తరగతినీ వడపోయని తరగతినీ పక్కపక్కన నిలబెట్టి ఇది మంచిది, అది చెడ్డది అనడం న్యాయం కాదు. గురుకులాల గొప్పతనాన్ని తగ్గించడానికి కాదు ఈ మాట. అక్కడ రాత్రి స్టడీ అవర్లున్నాయి, మూడు పూటలా భోజనముంది. కానీ లెక్క లెక్కే.

ఇక పిల్లలెవరు అన్న సంగతి. ప్రతి బడికీ యూడైస్ కోడ్ అని 11 అంకెల నంబరు ఉంటుంది. దేశంలోని బళ్లన్నిటి వివరాలూ ఒకచోట చేర్చే కేంద్ర విద్యాశాఖ పట్టికలో అది ఆ బడి చిరునామా. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కు 28, తెలంగాణకు 36. ఆ తర్వాత జిల్లా, మండలం, ఊరు, చివరి రెండంకెలు బడివి. ఏ తరగతిలో ఎంతమంది, ఆడపిల్లలెంతమంది, ఏ సామాజిక వర్గం వాళ్లెంతమంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లలెంతమంది, టీచర్లెంతమంది అన్నవన్నీ ఇందులోకి ఎక్కుతాయి. లెక్కకు ప్రమాణంగా తీసుకునే తేదీ సెప్టెంబరు 30. బడి రిజిస్టరులో బీసీ-ఏ నుంచి బీసీ-ఈ దాకా విడివిడిగా ఉన్నవాళ్లంతా ఇక్కడ ఓబీసీ అనే ఒకే గడిలో పడతారు. రెండు పట్టికలు పక్కన పెట్టుకుని అంకెలు కలవడంలేదని కంగారు పడేవాళ్లకు చాలాసార్లు ఇదే కారణం.

పిల్లల కూర్పు ఫలితాన్ని ఎంత మారుస్తుంది? ఆడపిల్లలు, మగపిల్లల లెక్కతో చూద్దాం. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలు 84.09 శాతం, మగపిల్లలు 78.31 శాతం పాసయ్యారు. ఆరు శాతానికి కాస్త తక్కువ తేడా. రాష్ట్రం మొత్తంలో అది వేలమంది పిల్లలు, పట్టించుకోవలసిన తేడా. మన బడిలోకి తెచ్చి చూడండి. 20 మందిలో 15 మంది ఆడపిల్లలైతే పాసవ్వాల్సిన శాతం 82.65. తిరగేసి 15 మంది మగపిల్లలైతే 79.76. మధ్యన తేడా మూడు శాతం, అంటే 20 మందిలో ఒక పిల్లాడిలో సగం కన్నా కాస్త ఎక్కువ. "ఈసారి బ్యాచ్‌లో మగపిల్లలు ఎక్కువండీ, అందుకే తగ్గింది" అనే సమర్థనకు ఇంత చిన్న బడిలో పెద్దగా బలం లేదు.

కులం, తెగ సంగతికి వస్తే జనం ఇంకా తొందరగా తీర్పు చెప్పేస్తారు. 2025 జిల్లాల పట్టిక చూడండి. మొదటి స్థానం పార్వతీపురం మన్యం, 93.90 శాతం. చిట్టచివర అల్లూరి సీతారామరాజు జిల్లా, 47.64 శాతం. రెండూ 2022 ఏప్రిల్‌లో పుట్టిన జిల్లాలే, రెండింట్లోనూ ఏజెన్సీ ఉంది. అల్లూరి జిల్లాలో గిరిజనుల వాటా చాలా ఎక్కువన్నది నిజమే. అయినా గిరిజన గ్రామాలు పెద్ద సంఖ్యలో ఉన్న మన్యం జిల్లా 2023, 2024లో కూడా మొదటి స్థానంలోనే నిలిచింది. ఏజెన్సీ పిల్లలు కాబట్టి ఇంతే అనే మాట ఈ ఒక్క పట్టిక ముందు నిలవదు. పిల్లల కూర్పు చూసి ఈ బడికి ఎంత సాయం కావాలో అంచనా కట్టొచ్చు. ఎంత ఫలితం వస్తుందో ముందే రాసిపెట్టడానికి అది పనికిరాదు.

కులం గడికన్నా ఎక్కువ సంగతి చెప్పే గడి ఒకటుంది. అది ఏ ప్రభుత్వ పట్టికలోనూ సరిగా కనిపించదు: ఇంట్లోవాళ్లు ఏ నెలలో ఊళ్లో ఉండరు? కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు, ఖరీఫ్ పని అయ్యాక కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయ కోయడానికి వెళ్తాయి. పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టింది ఇందుకే. 2024లో రాష్ట్రం 86.69 ఉండగా కర్నూలు జిల్లా 62.47తో ఆఖరున ఉంది. దానికి వలస ఒక్కటే కారణం అనను. కానీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పదో తరగతికి అసలైన చదువు సాగే నెలల్లో, హాజరు పట్టీ తిరగేస్తే ఏప్రిల్ అంకె ఎటు పోతుందో ముందే కొంత తెలుస్తుంది. మధ్యాహ్న భోజనం రిజిస్టరు ఇంకా నిక్కచ్చిగా చెబుతుంది. రోల్‌లో 96 మంది ఉన్నా, రోజూ భోజనం వడ్డించేది 70 మందికే అయితే బడి అసలు బలం 70.

ఈ వివరాలతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. 20 మందిలో ముగ్గురు ఎస్టీ పిల్లలుంటే "ఎస్టీల్లో 33 శాతమే పాస్" అని నోటీసు బోర్డు మీద రాయకూడదు. ఊరందరికీ ఆ ముగ్గురు ఎవరో తెలుసు. అది గణాంకం కాదు, ఇద్దరు పిల్లల్ని నలుగురిలో నిలబెట్టడం. పది మందికన్నా తక్కువున్న గుంపు ఫలితాన్ని అమెరికాలో చాలా రాష్ట్రాలు బయటపెట్టవు. మన ఊళ్లలోనూ ఆ మర్యాద పాటించవచ్చు.

శాతాన్ని పక్కనపెట్టి చూడదగ్గ అంకె మరొకటుంది, మార్కులు. సబ్జెక్టులో పాస్ గీత 35, రెండో భాష హిందీకి 20. ఈ గీత 34ను ఒకవైపుకు, 36ను మరోవైపుకు తోసేస్తుంది, నిజానికి ఇద్దరి చదువూ ఒకటే అయినా. 600 మార్కులకు 360, ఆపైన వస్తే ఫస్ట్ డివిజన్. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో రాసినవాళ్లలో 65.36 శాతం ఫస్ట్ డివిజన్, 10.69 శాతం సెకండ్, 5.09 శాతం థర్డ్. మన 20 మంది తరగతికి మారిస్తే 13 మంది ఫస్ట్, ఇద్దరు సెకండ్, ఒకరు థర్డ్, నలుగురు ఫెయిల్. గమనించారా, అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాళ్లకన్నా ఫెయిలైనవాళ్లే ఎక్కువ. ఒక్క సబ్జెక్టు పోయినా మొత్తం పోయినట్టే కాబట్టి మధ్య మెట్టు సన్నగా ఉంటుంది. ఇప్పుడు రెండు బళ్లు తీసుకోండి, రెండూ 80 శాతమే. ఒకదాంట్లో 16 మందిలో 13 మందికి ఫస్ట్ డివిజన్, మరోదాంట్లో ఐదుగురికే. ఇంటర్లో చేరాక ఈ రెండు బ్యాచ్‌లూ ఒకలా ఉండవు.

టీచర్లు సరిపడా ఉన్నారా అన్నది మరో ప్రశ్న. పీటీఆర్ అనే మాట వింటుంటారు, ఒక టీచరుకు ఎంతమంది పిల్లలున్నారో చెప్పే అంకె. ఉన్నత పాఠశాలకు 30కి మించకూడదని జాతీయ విద్యా విధానం 2020 చెబుతోంది, వెనకబడ్డ ప్రాంతాల్లో 25. మన బడిలో 96 మందికి తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం చెప్పే ఏడుగురు, హెడ్మాస్టరు, పీఈటీ కలిపి తొమ్మిది మంది ఉన్నారనుకుంటే ఒక్కొక్కరికి 11 మంది కూడా రారు. కాగితం మీద ఇంతకన్నా అదృష్టం లేదు. కానీ ఆ ఏడుగురిలో లెక్కల మాస్టారు జూలైలో బదిలీ అయి, ఆ ఖాళీ సంక్రాంతి దాకా నిండకపోతే, పీటీఆర్ పదకొండు నుంచి పన్నెండుకు జరుగుతుంది అంతే. ఐదు తరగతులకు మాత్రం లెక్కలు చెప్పేవాళ్లుండరు. చిన్న బడిలో ప్రతి సబ్జెక్టుకూ ఒక్కరే, ఆయన స్థానంలో నిలబడటానికి రెండోవారు లేరు. కాబట్టి టీచర్లు ఎంతమంది అని అడగకండి. లెక్కలు, భౌతిక శాస్త్రం, ఇంగ్లీషు పోస్టులు ఈ ఏడు ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నాయో అడగండి.

ఇవన్నీ విన్నాక కూడా "ఇంతకీ మా పిల్లాణ్ని ఉంచాలా, తీసేయాలా?" అనేవారుంటారు. ఒక ఏడాది శాతం చూసి మాత్రం తీసేయకండి. మూడేళ్ల నామినల్ రోల్స్‌లో మొత్తం ఎంతమంది, పాసైందెంతమంది, ఫస్ట్ డివిజన్ ఎంతమంది, లెక్కల పోస్టు సంగతేమిటి, ఈ నాలుగూ తెలుసుకుంటే నిర్ణయం మీరే తీసుకోగలరు. ఇదే ప్రశ్నలు ఫ్లెక్సీ వేసిన స్కూల్లోనూ అడగండి. అక్కడ తొమ్మిదిలో ఎంతమంది ఉండగా పదిలో ఎంతమంది పేర్లు బోర్డుకు వెళ్లాయో ముఖ్యంగా అడగండి.

ఫలితాల రోజు చేతిలో ఉన్న పని మాత్రం వేరు. ఆ నలుగురు తప్పినవాళ్లు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, అపరాధ రుసుము లేకుండా సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి గడువు 30వ తేదీ, పరీక్షలు మే 19న మొదలయ్యాయి. అంటే ఫీజుకు వారం, చదువుకోవడానికి నాలుగు వారాలకు కాస్త తక్కువ. చాలామందికి పోయేది ఒకటో రెండో సబ్జెక్టులే. బడికి వేసవి సెలవులు, టీచర్లు ఊళ్లలో ఉండరు, తప్పిన పిల్లాడు సిగ్గుతో బయటికి రాడు. శాతం గురించి చర్చ తర్వాతైనా పెట్టుకోవచ్చు; ఆ నలుగురూ ఫీజు కట్టారా, ఏ సబ్జెక్టు పోయింది, ఆ నెల్లాళ్లు ఎవరు కూర్చోబెట్టి చెబుతారు అన్నది ముందు తేల్చుకోండి.